పాత సామానుకు కొత్త కొలువు



ప్రతి ఊరిలోనూ, ప్రతి పేటలోనూ ఒక పాత సామాను కొట్టు ఉంటుంది. వాకిట ఒక కాటా, దాని ప్రక్కన తుప్పుపట్టిన ఇనుప ఊచలు, కాలు విరిగిన కుర్చీలు, కట్టలు కట్టిన పాత కాగితాలు. లోపల చీకటిలో ఎక్కడో ఒక మూల మినుకుమనే ఇత్తడి. ఆ కొట్టుకు మనము సామాన్యముగా అమ్ముటకే వెళ్ళుతాము. కొనుటకు వెళ్ళుట కొంచెము నామోషీ అనుకొంటాము. ఆ నామోషీని కొంతసేపు ప్రక్కకు పెట్టి వినవలసినదిగా మిమ్ములను కోరుతున్నాను. కొద్దిపాటి డబ్బుతో, కొంత ఓపికతో, పాత సామానుతో ఇంటిని ఎట్లా అలంకరించుకోవచ్చునో చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము. అయితే ఈ విద్యను నేను ఒక పొరపాటు చేసిన తరువాత నేర్చుకొన్నాను. కనుక ముందుగా ఆ పొరపాటును మనవి చేసుకొని, ఆ మీదట విద్యలోనికి వస్తాను.

పన్నెండేళ్ళ క్రిందట గుంటూరు జిల్లాలోని మా పుట్టింటిని అమ్మవలసి వచ్చినది. నాన్నగారు పోయిన తరువాత అమ్మ తెనాలిలో మా అన్నయ్య దగ్గర ఉండుటకు ఒప్పుకొన్నది. ఇల్లు ఖాళీ చేసే పని నా మీద పడినది. పెరటిలో నూతి ప్రక్కన ఒక పెద్ద ఇత్తడి గంగాళము ఉండేది. అమ్మ రోజూ దాని నిండా నీళ్ళు తోడిపోసేది. చిన్నతనములో మేము అందులో కూర్చొని స్నానాలు చేసినవాళ్ళము. “దీనిని ఎక్కడ పెడతామమ్మా, ఫ్లాటులో చోటేదీ?” అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. పాత సామాను బండివాడు వచ్చినాడు, కాటా వేసినాడు, పదునాలుగు కిలోలన్నాడు. డబ్బు నా చేతిలో పెట్టి, గోతాములో పట్టుట లేదని సమ్మెటతో రెండు దెబ్బలు వేసి గంగాళము అంచును లోపలికి వంచినాడు. ఆ చప్పుడుకు అమ్మ వంటింటిలోనుండి వాకిటివరకు వచ్చి, చూచి, మళ్ళీ లోపలికి వెళ్ళినది.

ఆరు నెలలు గడచినవి. హైదరాబాదులో మేము ఒక కొత్త ఫ్లాటులోనికి మారినాము. గోడలన్నీ తెల్లగా, బోసిగా ఉన్నవి. ఏమైనా కొందామని ఒక గృహాలంకరణ దుకాణమునకు వెళ్ళితే, అక్కడ దీపాల వెలుగులో ఒక ఇత్తడి గంగాళము కనబడినది. మేము అమ్మినదానికంటె చిన్నది. అందులో నీళ్ళు పోసి గులాబి రేకులు తేల్చినారు. ధర చీటీ త్రిప్పి చూచినాను. మా గంగాళమునకు తూకములో వచ్చిన డబ్బుకు అది నాలుగింతలు! మనము తూకానికి అమ్ముకొన్నదానిని మళ్ళీ అందానికి కొనుక్కొంటున్నామన్నమాట. ఆ దుకాణములో నిలబడి ఉండగానే నాకు ఇంకొక సంగతి కూడా తెలిసివచ్చినది. ఆనాడు నేను అమ్మతో ‘చోటు లేదు’ అన్నమాట నిజము కాదు. మా ఇంటి వాకిట గుమ్మము ప్రక్కన ఆ గంగాళము పట్టేటంత చోటు ఉన్నది. అక్కడ పెట్టవచ్చునన్న ఊహ నాకు తోచలేదు, అంతే.

అప్పటినుండి పెద్ద దుకాణాలు మాని సంతలకు వెళ్ళుట ఆరంభించినాను. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు ఉన్నది. జుమ్మేరాత్ అనగా గురువారము. పేరులోనే సంత రోజు తెలుస్తుంది. ఎర్రగడ్డలో ఆదివారపు సంత సాగుతుంది. ఇటువంటి సంతలు లేని ఊళ్ళలో పాత ఇనుము కొట్లున్నవి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులను, కిటికీలను, దూలాలను అమ్మే కలప అడితీలున్నవి.

పాశ్చాత్య దేశాలలో పాత సామాను అంగళ్ళకు వేరొక చరిత్ర ఉన్నది. అమెరికాలోని బోస్టను నగరములో 1902లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మతాచార్యుడు ఆరంభించిన గుడ్‌విల్ సంస్థ, కలవారి ఇళ్ళనుండి పాత బట్టలను, సామానును సేకరించి, పనిలేని పేదలచేత బాగుచేయించి అమ్మించినది. ఇంగ్లండులో 1942లో ఆక్స్‌ఫర్డ్ నగరములో పుట్టిన ఆక్స్‌ఫాం సంస్థ కూడా కరవు బాధితుల సహాయమునకై ఇటువంటి అంగళ్ళను నడుపుతూ వచ్చినది. ఆ అంగళ్ళలో కుర్చీని కుర్చీగా, కూజాను కూజాగా అమ్ముతారు. మన కొట్లలో తరచు ఇత్తడిని ఇత్తడిగా, ఇనుమును ఇనుముగా, తూకానికి అమ్ముతారు. ఈ తేడాలో మనకు లాభమున్నది, వస్తువుకు ప్రమాదమున్నది. ఈ వారము ఎవరూ కొనని చెంబు వచ్చే వారానికి కొలిమిలో కరిగిపోవచ్చును. కాబట్టి అక్కడినుండి మనము తెచ్చుకొనే ప్రతి వస్తువూ మన గదికి అలంకారము మాత్రమే కాదు. కరిగిపోకుండా మిగిలిన వస్తువు కూడాను.

అయితే ఈ మాట విని కనబడినదెల్లా కొనకూడదు. మొదటి రెండు నెలలలో నేను చేసినది అదే. ఒక తిరుగలి, రెండు లాంతర్లు, పగిలిన పింగాణీ జాడీలు మూడు, మూడు కాళ్ళ ముక్కాలిపీటలో మిగిలిన రెండు కాళ్ళు — ఇవన్నీ వరండాలో చేరినవి. మా అత్తగారు వారము రోజులు ఓర్చి, ఎనిమిదవ నాడు, “అమ్మాయీ, మనము కాపురముంటున్నది ఇంటిలోనా, కొట్టులోనా?” అని అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నాకు నేనే ఒక నియమము పెట్టుకొన్నాను. సంతలో ఏ వస్తువు చేతిలోనికి తీసుకొన్నా మూడు సంగతులు ఆలోచించవలెను. దీనికి మా ఇంటిలో ఏమి పని? ఏ చోట ఉంటుంది? బాగుచేయుటకు ఎంత అవుతుంది? వీటిలో ఏ ఒక్కదానికి సమాధానము తట్టకపోయినా వస్తువును నెమ్మదిగా క్రింద పెట్టి ముందుకు నడువవలెను. బాగుచేయుటకయ్యే ఖర్చు వస్తువు ధరకు రెండింతలైతే అది చవక వస్తువు కాదు.

సంతకు వెళ్ళేటప్పుడు సంచిలో ఒక కొలత టేపు, ఒక చిన్న అయస్కాంతము, ఒక తడి గుడ్డ ఉండవలెను. ఇత్తడి వస్తువుకు అయస్కాంతము అంటుకొన్నదంటే లోపల ఇనుమున్నదనీ, పైన పూత మాత్రమే ఇత్తడి అనీ గ్రహించవచ్చును. తడి గుడ్డతో ఒక చోట తుడిచి చూస్తే మురికి ఎంతో, రంగు ఎంతో తెలుస్తుంది. పాత్రను ఎండకెత్తి లోపలికి చూస్తే చిల్లులు బయటపడుతవి. వ్రేలి కణుపుతో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది. ఇత్తడి అంతగా మోగదు. కంచు రాగి తగరముల మిశ్రమము. ఇత్తడి రాగి తుత్తునాగముల మిశ్రమము. కంచు పెళుసు, క్రింద పడితే పగులుతుంది. కనుక పిల్లలున్న ఇంటిలో కంచు పళ్ళెమును అంచు లేని బల్ల మీద నిలబెట్టరాదు.

ఇక శుభ్రపరచుటను గూర్చి. ఇత్తడికి మన పెద్దల చింతపండును మించినది నేను చూడలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము లోహముపై పట్టిన నల్లని పొరను కరిగిస్తుంది. అయితే పులుసులో రాత్రంతా నానబెట్టరాదు. ఆమ్లము ఎక్కువసేపు తగిలితే ఇత్తడిలోని తుత్తునాగము కొంత కరిగి, రాగి పైకి తేలి, ఎర్రని మచ్చలు పడుతవి. తోముట, వెంటనే కడుగుట, పొడి గుడ్డతో తుడుచుట — ఈ మూడూ ఒక్క విడతలో జరుగవలెను. ఇసుక కాగితము మాత్రము ఇత్తడి దగ్గరకు రానీయకూడదు. ఆ గీతలు మళ్ళీ పోవు. ఇట్లా తెచ్చిన పాత్రలో వండదలచినవారు కళాయి పెట్టించుకోవలెను. పాత్రను వేడిచేసి, నవసాగరముతో శుభ్రపరచి, లోపల తగరము పూయుటయే కళాయి. అలంకారమునకే ఉంచుకొనేవారికి ఆ ఖర్చు లేదు.

హైదరాబాదు సంతలలో ఒక్కొక్కసారి బిదరీ పని చేసిన చిన్న డబ్బీలో, పూలకూజాలో కనబడుతవి. నల్లని లోహముపై వెండి తీగ పొదిగిన పని అది. నలుపు చూచి మురికి అనుకొని చింతపండుతో తోమినారా, ఆ వస్తువు అందము పోయినట్లే. ఆ నలుపే దాని సొగసు. మెత్తని గుడ్డకు రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది తుడిస్తే చాలును. కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసినవి. నీళ్ళు తగిలితే పాడవుతవి. ఏటికొప్పాక బొమ్మలపై లక్క పూత ఉంటుంది గనుక వాటిని ఎండ పడే కిటికీలో పెట్టరాదు. పాత వస్తువును కొనేవారికి ఆ వస్తువును చేసినవాడి పనిని గూర్చి ఈపాటి తెలివిడి ఉండవలెను.

కలప సామానులో నాకు ఇష్టమైనవి పాత కిటికీ చట్రాలు. పాత కాలపు టేకు ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. ఒక చట్రమును శుభ్రము చేయించి, రెక్కలు తీసివేసి, అందులో అద్దము బిగిస్తే గది రెండింతలుగా కనబడుతుంది. నేను ఆరు వందల రూపాయలకు కొన్న చట్రమునకు అద్దము, వడ్రంగి కూలి కలిపి ఇంకొక పన్నెండు వందలైనవి. కొనే ముందు చట్రమును నేల మీద గట్టిగా కొట్టి చూడవలెను. సన్నని పిండివంటి పొడి రాలితే లోపల పురుగు ఉన్నదన్నమాట. ఆ ఒక్క చట్రము ఇంటిలోని మిగిలిన కలపనంతా పాడుచేయగలదు.

పాత రంగును గూర్చి ఒక హెచ్చరిక. వెనుకటి రంగులలో సీసము చాలా ఎక్కువగా ఉండేది. మన దేశములో ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నిబంధనలు చేసినారు. 2017 నవంబరునుండి అవి అమలుకు వచ్చినవి. అంతకు పూర్వపు తలుపులను, కిటికీలను పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల ఒంటికి విషము. ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, నీళ్ళు చల్లుతూ తడి మీదనే గీకవలెను. రాలిన పొట్టును ఊడ్చక, తడి గుడ్డతో ఎత్తివేయవలెను. చంటిపిల్లలు, గర్భిణీ స్త్రీలు ఉన్న ఇంటిలో ఈ పని పెట్టుకొనకుండుటయే మంచిది. కలపకు అవిసెనూనె పట్టిస్తే రంగు చక్కగా తేలుతుంది. కాని ఆ నూనె అద్దిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకొనే ప్రమాదమున్నది. వాటిని విడివిడిగా పరచి ఆరబెట్టి ఆ మీదట పారవేయవలెను.

బట్టల విషయములో మనకు ఎవరూ నేర్పవలసినది లేదు. పాత చీరలను పొరలు పొరలుగా పరచి, వరుసలుగా కుట్లు వేసి బొంతలు కుట్టిన ముత్తవ్వల మనుమరాళ్ళము మనము. ఆ బొంతనే చిన్నదిగా కుట్టి చెక్క బల్లపై పరచవచ్చును. కుర్చీ వీపునకు వేలాడదీయవచ్చును. వెలిసిన వెంకటగిరి చీర కిటికీకి కడితే మధ్యాహ్నపు ఎండను వడగట్టి గదిలోనికి వదలుతుంది. మంగళగిరి చీర అంచును విడదీసి, తెల్లని దిండు గలేబుకు కుట్టినా నిండుగా ఉంటుంది. పాత పట్టుచీరను మాత్రము విప్పి, మడతల వెంట పట్టి చూడవలెను. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడ చిట్లిపోతుంది. అటువంటి చీరను కుట్టుటకు పూనుకొనక, గట్టిగా ఉన్న కొంగునో, అంచునో మాత్రమే తీసి అద్దములో బిగించుకొనుట మేలు. సంతలో కొన్న బట్టను ఏదైనా సరే, వేడినీళ్ళలో ఉడికించో, ఉడికించరానిదైతే రెండు మూడు రోజులు మంచి ఎండలో వేసియో ఇంటిలోనికి తేవలెను.

సంతలో అందరూ పక్కకు నెట్టివేసే వస్తువులలో కొలపాత్రలు ఒకటి. గిద్దె, సోల, తవ్వ, మానిక — నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైన తరువాత బజారులో వీటికి పని పోయినది. ఇళ్ళలో మాత్రము బియ్యపు డబ్బాలలో చాలాకాలము బ్రతికినవి. మా బల్లమీద ఇప్పుడు మానికలో కలములున్నవి, తవ్వలో ఒక చిన్న మొక్క ఉన్నది, సోలలో తాళపుచెవులున్నవి. పరిమాణము క్రమముగా తగ్గుతూ వస్తుంది గనుక వరుసగా పెడితే చూచుటకు ముచ్చటగా ఉంటుంది. మా పదేళ్ళ అమ్మాయి ఒకనాడు స్నేహితురాలికి వాటిని చూపిస్తూ, రెండు సోలలు తవ్వ అని నీళ్ళు పోసి కొలిచి మరీ చూపించినది. ఆ మాటలు మా ఇంటిలో మళ్ళీ పలుకుతున్నందుకు ఆ మూడింటికీ నేనిచ్చిన వెల చాలా తక్కువ అనిపించినది.

తెచ్చిన వస్తువులను అమర్చుటలో పొదుపు మరీ అవసరము. హైదరాబాదులో సాలార్‌జంగు ప్రదర్శనశాలను మీలో చాలామంది చూచే ఉంటారు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను సేకరించిన వస్తువులను 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడిలో ప్రజలకు చూపుట ఆరంభించినారు. 1968లో ఇప్పటి భవనములోనికి మార్చినారు. ఆయన సేకరణకు దివాన్ దేవిడి ఉన్నది. మనకు రెండు గదులున్నవి. గోడకు ఒక వస్తువు, మూలకు ఒక వస్తువు చాలును. దాని చుట్టూ కొంత ఖాళీ ఉంటేనే కన్ను దానిపై నిలుస్తుంది. పూర్వపు ఇళ్ళలో గోడలోనే గూడు ఉండేది. ఆ గూటిలో ఒకే ఒక దీపము ఉండేది. ఆ కొలతను గుర్తుంచుకొంటే చాలు. అద్దె ఇళ్ళలో మేకులు కొట్టనీయరు గనుక చట్రమును గోడకు చేరవేసి నేలమీదనే నిలబెట్టవచ్చును. అయితే పిల్లలు లాగితే పడకుండా క్రింద అడ్డు ఉండవలెను. వెడల్పు పాత్రలో పూలు తేల్చేవారు నీళ్ళను రెండు మూడు రోజులకు ఒకసారైనా మార్చి, పాత్రను తోమవలెను. డెంగీ దోమ పెరుగుటకు అటువంటి నిలువనీళ్ళే చాలును.

కొనకూడని వస్తువులు కూడా కొన్ని ఉన్నవి. దేవతా విగ్రహాలు, గుడి గంటలు, తామ్రశాసనాలు, తాళపత్రాలు సంతలో కనబడితే ముచ్చటపడి ఇంటికి తేరాదు. నూరేళ్ళు దాటిన కళాఖండాలకు, డెబ్బదియైదేళ్ళు దాటిన ప్రాముఖ్యముగల వ్రాతప్రతులకు 1972 నాటి పురావస్తువుల చట్టము వర్తిస్తుంది. అందుపైన, గుడిలోనుండి వచ్చిన వస్తువు ఎట్లా వచ్చినదో మనకు తెలియదు. మీ ఇంటి అటకమీదనే తాళపత్రాలుంటే వాటిని గోడకు వేలాడదీయక, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత భాండాగారము వంటి సంస్థవారికి ఒకసారి చూపించండి. పాత విద్యుద్దీపాలను కొన్నప్పుడు లోపలి తీగలన్నీ మార్పించక మీట నొక్కకండి. పాత పరుపులు, దూది దిండ్లు ఎంత చవకైనా వద్దు. నల్లులు వాటితో ఉచితముగా వస్తవి.

బేరమును గూర్చి ఒక్క మాట. బేరమాడవచ్చును, సంతలో అది మర్యాదే. కాని అద్దాల దుకాణములో చీటీ మీది ధరకు నోరెత్తనివాళ్ళము, నేలమీద గోనెపట్టా పరచుకొన్నవాడి దగ్గర పది రూపాయలకు పావుగంట వాదించుట బాగుండదు. తెల్లవారకముందే వీధి వీధి తిరిగి, ఇల్లిల్లూ అడిగి, బరువు మోసి తెచ్చినది అతడు. ‘ఇది ఎక్కడిది?’ అని అడగండి. నిదానముగా అడిగితే తెలిసినంతవరకు చెప్పుతాడు. చెప్పుటకు ఇష్టపడని వస్తువును వదలివేయండి.

ఇట్లా ఒక గురువారమునాడు జుమ్మేరాత్ బజారులో నాకు ఒక మరచెంబు దొరికినది. వెనుక ప్రయాణాలలో మంచినీళ్ళు తీసుకొనిపోయేవారే, మర తిప్పి మూత బిగించేది, ఆ చెంబు. దీనికి మూత లేదు. నల్లగా మాడినట్లున్నది. “మూత లేదు గదమ్మా, తూకం లెక్కనే తీస్కోండ్రి” అన్నాడు అమ్మే ఆయన. మూత లేని మరచెంబు ప్రయాణమునకు పనికిరాదు, పూలకు పనికివస్తుంది. తెచ్చి చింతపండు పట్టించి తోముతూ ఉంటే, నలుపు పోయినకొద్దీ భుజము చుట్టూ చుక్కలు బయటపడినవి. మొదట గీతలనుకొన్నాను. ఇంకొంచెము తోమగా అక్షరాలైనవి. పెళ్ళిలో పెట్టిన పాత్రలపై ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుట మన ఇళ్ళలో ఆచారము గదా! ఒక స్త్రీ పేరు, ఇంటిపేరు, ఒక తేదీ. ఆ పేరు ఇక్కడ చెప్పుట న్యాయము కాదు గనుక చెప్పను.

చెంబును చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చొన్నాను. మెరుగుపెట్టేవాడికి ఇస్తే ఆ పేరును నిమిషములో చెరిపి నున్నగా చేసి ఇస్తాడు. అప్పుడది మా చెంబు అవుతుంది. కాని ఎక్కడో మా గంగాళము అంచుమీద కూడా ఇట్లాగే మా అమ్మ పేరు చుక్కలలో ఉన్నది. దానిని సమ్మెటదెబ్బ తగలకముందు ఎవరో ఒకరు కొనుక్కొని ఉంటే, వారు ఆ పేరును చెరపవలెనని నేను కోరుకొంటానా? చెంబును అట్లాగే ఉంచివేసినాను.

ఆ సంక్రాంతికి అమ్మ మా ఇంటికి వచ్చినది. చెంబులో బంతిపూలు పెట్టి గుమ్మము ప్రక్కన ఉంచినాను. అమ్మ పూలు ప్రక్కకు తీసి, చెంబును ఒడిలో పెట్టుకొని, కళ్ళజోడు సవరించుకొని ఆ పేరును ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివినది. తరువాత బొటనవ్రేలితో చెంబు నోటిని తడిమి, “ఎవరమ్మాయో గాని దీనిని బాగా వాడుకొన్నదే! మరలు చూడు, ఎట్లా అరిగిపోయినవో. అందుకే మూత నిలువలేదు” అన్నది. మళ్ళీ పూలు పెట్టుతూ, “నీళ్ళు రోజూ మారుస్తున్నావా?” అని అడిగినది. మారుస్తున్నానన్నాను. గంగాళము మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అప్పటినుండి ఆ చెంబు గుమ్మము ప్రక్కనే ఉంటున్నది. ఇంటికి వచ్చినవారు ఆ పేరు చూచి మీ బంధువులా అని అడుగుతారు. కాదంటాను, అయితే ఎవరని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా, కొలిమిలో కరగవలసిన ఒక పేరు ఇంకా ఒకరి నోట పలుకుతున్నది గదా అనుకొంటాను.

శ్రోతలారా! ఇల్లు అందముగా ఉండుటకు పెద్ద డబ్బు అక్కరలేదని చెప్పుటకు ఇంతసేపు తీసుకొన్నాను. సంతకు వెళ్ళండి, అయస్కాంతము, కొలత టేపు మరువకండి. కాని సంతకు వెళ్ళేముందు ఒకసారి మీ అటకమీదికి ఎక్కి చూడండి. అక్కడ ఉన్నదానిని బండివాడికి వేసేముందు, దానిని వాడిన పెద్దవారు ఇంటిలో ఉంటే, ‘ఇది ఎక్కడ పెడదాము?’ అని వారిని అడగండి. నేను ఆనాడు అమ్మను ‘చోటేదీ?’ అని అడిగినాను. ఆ రెండు ప్రశ్నలకు ఒక్క మాటే తేడా. కాని గంగాళము ఇంటిలో మిగులుటకు ఆ ఒక్క మాట చాలి ఉండేది.